బతుకమ్మ వీడియో: పూలు ముద్ద కడుతున్నయి, చీర మిణుకుమంటున్నది. ఎఫెక్ట్ సెట్టింగులు ఎట్ల పెట్టాలె?

దేవరకొండ_కట్స్ · శనివారం రాత్రి 9:12

అన్నలకు నమస్తె. సద్దుల బతుకమ్మ వీడియో చేతిల ఉన్నది, ఎఫెక్టుల కాడ ఆగింది. మెయిన్ కెమెరా 4కె, సెకండుకు 25 ఫ్రేములు, ఎస్-లాగ్3 (రంగులను చప్పగ రికార్డు చేసి, తర్వాత మామూలు రంగులకు మార్చుకునే సోనీ పద్ధతి), 8-బిట్ (ఒక్కో రంగుకు 256 మెట్లు). రెండో కెమెరా 1080, 50 ఫ్రేములు, మామూలు కలర్ ప్రొఫైల్. నడుమ నడుమ ఫోన్ క్లిప్పులు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో, టైమ్‌లైన్ 1920×1080, 25 ఫ్రేములు.

లట్ (లాగ్ రంగులను మామూలు రంగులకు మార్చే ఫైలు) వేసినంక బంతి, తంగేడు పూలు రేకులు లేకుండ ముద్ద కట్టినట్టు కనబడుతున్నయి. ముఖాలు నారింజకు పోతున్నయి. ఒకటే షార్పెన్ (పదును), బ్లర్ (మసక) ప్రీసెట్ (సేవ్ చేసి పెట్టుకున్న సెట్టింగు) రెండు కెమెరాల మీద రెండు తీర్ల పడుతున్నది. చిన్న గళ్ళ చీరలు మిణుకుమిణుకుమంటున్నయి. వార్ప్ స్టెబిలైజర్ (కెమెరా ఊగుడు తగ్గించే ఎఫెక్ట్) పెడితె నేల జెల్లీ లెక్క ఊగుతున్నది. స్లో మోషన్‌ల చప్పట్లు కొట్టే చేతులు కరిగిపోతున్నయి. ఏ విలువలు పెట్టాలె, ఏది ముందు ఏది వెనుక పెట్టాలె, జర చెప్పుర్రి.

టైమ్‌లైన్_నల్లగొండ · రాత్రి 9:40

తమ్మీ, ముందుగాల ప్రీసెట్ సంగతి తేల్చుకో. నీ మిగతా ఇబ్బందులల్ల సగం దాంట్లనే ఉన్నయి.

ఎఫెక్ట్ కంట్రోల్స్‌ల నువ్వు వేసిన ఎఫెక్టులు పై నుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తయి. మోషన్ (సైజు, స్థానం), ఒపాసిటీ (పారదర్శకత) ప్యానెల్‌ల పైన కనబడినా, అవి నువ్వు వేసినవన్నీ అయినంకనే లెక్కకు వస్తయి. 4కె క్లిప్‌ను మోషన్‌ల స్కేల్ 50 చేసి 1080 టైమ్‌లైన్‌ల పెట్టినవనుకో. గాసియన్ బ్లర్ 40 ఇస్తె ఆ 40 పడేది 3840 పిక్సెళ్ళ బొమ్మ మీద. తర్వాత బొమ్మ సగానికి తగ్గుతది, బ్లర్ కూడ దానితోపాటే సగమైతది. తెర మీద కనబడేది 20 అంతే. రెండో కెమెరా క్లిప్ 1080 కాబట్టి దాని మీద అదే 40 పూర్తిగ 40 లెక్కనే పడుతది. అన్‌షార్ప్ మాస్క్‌కు కూడ ఇదే లెక్క: రేడియస్ 1 పిక్సెల్ 4కె మీద వేసి సగానికి తగ్గిస్తె అర పిక్సెల్, కంటికి ఆననే ఆనదు. ఆనుతలేదని అమౌంట్ పెంచుతవు. ఆ ప్రీసెట్ 1080 క్లిప్ మీదికి పోయిందంటె అంచుల చుట్టు తెల్ల గీతలు తేలుతయి.

క్లిప్ మీద రైట్ క్లిక్ కొడితె రెండు మాటలు పక్కపక్కనే ఉంటయి, చానామంది రెండూ ఒకటే అనుకుంటరు. 'సెట్ టు ఫ్రేమ్ సైజ్' అంటె మోషన్‌ల స్కేల్ విలువ మారుతది, అసలు 4కె పిక్సెళ్ళు అట్లనే ఉంటయి. 'స్కేల్ టు ఫ్రేమ్ సైజ్' అంటె బొమ్మను ముందే 1080కి కుదించి ఇస్తది, ఎఫెక్టులు ఆ 1080 మీద పడుతయి. దీంట్ల విలువలైతె అన్ని క్లిప్పులకు సరిపోతయి గాని, తర్వాత జూమ్ చేస్తె 4కె ఉన్న లాభం పోతది. ప్రిఫరెన్సెస్, మీడియాల డిఫాల్ట్ మీడియా స్కేలింగ్ ఏముందో చూసుకో, ఇంపోర్ట్ అప్పుడే ఇది నిర్ణయమైపోతది.

నేనైతె చెప్పేది: అన్నిటికీ 'సెట్ టు ఫ్రేమ్ సైజ్' పెట్టు. రంగుకు సంబంధించింది క్లిప్ మీదనే చెయ్యి, రంగుకు పిక్సెల్ సైజుతో పని లేదు. షార్పెన్, బ్లర్, గ్రెయిన్ (కావాలని వేసే గింజలు) లాంటివి అడ్జస్ట్‌మెంట్ లేయర్ మీద పెట్టు, అది క్లిప్పుల పైన పరిచే ఖాళీ పొర, టైమ్‌లైన్ సైజులనే ఉంటది. అప్పుడు ఒకటే విలువ రెండు కెమెరాలకు సరిపోతది.

క్లిప్ మీదనే అన్నీ పెట్టాలె అనుకుంటె వరుస ఇది: నాయిస్ (తక్కువ వెలుగుల వచ్చే గింజలు) తీసేది, అంటె డీనాయిజ్, మొట్టమొదట, తర్వాత ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, తర్వాత లట్, తర్వాత కాంట్రాస్ట్, విడివిడి రంగుల సవరణ, ఆఖరికి షార్పెన్, గ్రెయిన్. షార్పెన్ ముందు పెట్టి డీనాయిజ్ వెనుక పెడితె, గింజలకు పదును పెట్టి మల్ల వాటినే చెరిపినట్టు అయితది. గింజలతోపాటు కొంగు మీది జరీ కూడ పోతది.

కోస్గి_ఫ్రేమ్ · రాత్రి 9:58

షార్పెన్ 50 పెట్టెయ్ తమ్మీ, చీర అంచు మంచిగ తేలుతది.

నారాయణపేట_గళ్ళు · రాత్రి 10:20

అన్నా, అట్ల పెట్టొద్దు. దాంతోని మిణుకు ఇంకా పెరుగుతది.

నారాయణపేట చీరల చిన్న గళ్ళు, సన్న గీతలు ఉంటయి. దూరపు షాట్‌ల ఒక్కో గడి రెండు మూడు పిక్సెళ్ళకు దిగుతది. 4కెను సగానికి కుదిస్తె అది ఒకటిన్నర పిక్సెల్ అయితది. ఒకటిన్నర పిక్సెల్‌ను తెర చూపియ్యలేదు. ఒక ఫ్రేముల గీత ఈ పిక్సెల్‌ల పడుతది, ఇంకో ఫ్రేముల పక్కదాంట్ల పడుతది. మనిషి కదిలినప్పుడల్లా చీర మీద అలలు పారినట్టు కనబడేది అందుకే. పోచంపల్లి చీరకు గుణం వేరే. నూలుకు ముందే రంగు అద్ది నేస్తరు కాబట్టి బొమ్మ అంచులు సహజంగనే మసకగ ఉంటయి. దానికి షార్పెన్ ఎక్కువిస్తె అంచుల చుట్టు గీత కట్టి ప్రింటు చీర లెక్క అయితది. నేసినోళ్ళ పని అంతా ఆ మసకలనే ఉన్నది, దాన్ని చెడగొట్టొద్దు.

చెయ్యవలసింది. ముందు మిణుకు నిజంగ ఉన్నదా, ప్రివ్యూలనే ఉన్నదా చూడు. ప్రోగ్రామ్ మానిటర్‌ల ప్లేబ్యాక్ రిజల్యూషన్ 1/2 మీద, జూమ్ 'ఫిట్' మీద ఉంటె లేని మిణుకు కూడ కనబడుతది. ఫుల్, 100% పెట్టి చూడు. అప్పటికీ ఉంటె సోర్స్ మానిటర్‌ల అసలు క్లిప్‌ను 100%ల చూడు.

సోర్స్‌ల లేదు, టైమ్‌లైన్‌ల ఉన్నదంటె అది కుదించినందుకు వచ్చింది. మోషన్ కింద ఆఖర్ల యాంటీ-ఫ్లికర్ ఫిల్టర్ అని ఉంటది, 0 నుంచి 1 దాక. 0.2 తోని మొదలుపెట్టి 0.05 చొప్పున పెంచు. 0.5 దాటితె ముఖం కూడ మెత్తబడుతది. లేదంటె 4కె క్లిప్ మీద గాసియన్ బ్లర్ 1 నుంచి 2 లోపల ఇయ్యి. పైన టైమ్‌లైన్ అన్న చెప్పిన వరుసే ఇక్కడ అక్కరకొస్తది: బ్లర్ 4కె మీద పడి తర్వాత బొమ్మ కుదించుకపోతది కాబట్టి ముఖం మీద తేడా కనబడదు, గళ్ళు మాత్రం కుదురుగ ఉంటయి. రిపీట్ ఎడ్జ్ పిక్సెల్స్ టిక్ పెట్టు, లేకుంటె ఫ్రేము అంచుల నల్లగ దిగుతది.

సోర్స్‌లనే ఉండి, చీర మీద ఇంద్రధనుస్సు రంగులు పారుతున్నయంటె అది కెమెరా సెన్సర్‌ల పుట్టింది. పూర్తిగ పోదు గాని రంగు వరకు తీసెయ్యొచ్చు. క్లిప్‌ను ఆల్ట్ పట్టుకొని పైన ట్రాక్ మీదికి కాపీ చెయ్యి. పై క్లిప్‌కు గాసియన్ బ్లర్ 8 నుంచి 12, ఒపాసిటీల బ్లెండ్ మోడ్ 'కలర్', చీర చుట్టు పెన్ టూల్‌తోని మాస్క్ (ఎఫెక్ట్ పడే హద్దు), ఫెదర్ (హద్దు అంచు మెత్తదనం) 30 నుంచి 40, మాస్క్ చీరతోపాటు జరిగేటట్టు ట్రాక్ ఫార్వర్డ్. 'కలర్' మోడ్‌ల పై లేయర్ నుంచి రంగు మాత్రమే కిందికి దిగుతది, వెలుగునీడలు కింది క్లిప్‌యే ఉంటయి. గళ్ళు చెదరవు, దొంగ రంగులు పోతయి. చీర అంచు పక్కన చేతి మీదికి రంగు అంటుతున్నదంటె మాస్క్ ఎక్స్‌పాన్షన్ -5, -10 చేసుకో.

కోస్గి_ఫ్రేమ్ · రాత్రి 10:31

సరే అన్నా. కుదించినందుకు వచ్చే మిణుకు, సెన్సర్ మిణుకు వేరే అని ఇప్పుడే తెలిసింది. షార్పెన్ మాట వెనక్కి తీసుకుంటున్న.

పాలమూరు_కలర్ · రాత్రి 11:05

రంగు సంగతి నేను చెప్త, కొంచెం పెద్దగైతది.

ముందు ఒక తనిఖీ. కొత్త ప్రీమియర్ వెర్షన్లు లాగ్ క్లిప్‌ను మెటాడేటా చూసి గుర్తుపట్టి, తామే రెక్709కు (మామూలు టీవీ రంగులకు) మార్చేస్తయి. అది జరిగినంక నువ్వు మల్ల లట్ వేస్తె మార్పిడి రెండుసార్లు జరిగినట్టు. నల్లలు మూసుకపోతయి, ముఖాలు నారింజకు పోతయి. నువ్వు చెప్తున్న లక్షణం సరిగ్గ ఇదే. లట్ తీసేసి చూడు. తీసినంక బొమ్మ బూడిద రంగుల, చప్పగ కనబడితె మార్పిడి జరగలేదు, లట్ అవసరమే. మామూలు రంగులల్ల కనబడితె ప్రీమియర్ ముందే మార్చేసింది, లట్ అక్కర లేదు. క్లిప్ మీద రైట్ క్లిక్, మాడిఫైల కలర్ స్పేస్ చూసుకొని రెండింట్ల ఒకటే ఉంచు.

లట్ అవసరమైతె దాన్ని ఎక్కడ పెడుతున్నవు అనేది ముఖ్యం. లుమెట్రి అనే రంగు సవరణ ప్యానెల్‌ల బేసిక్ కరెక్షన్ మీద ఉండే ఇన్‌పుట్ లట్ పెట్టెల వేస్తె అది అన్నిటికంటె ముందు పనిచేస్తది. లట్ దాటినంక 100 మీద కోసుకపోయిన వెలుగును కింద ఎక్స్‌పోజర్ తగ్గించి వెనక్కి తేలేవు. పూలు ముద్ద కట్టడానికి పెద్ద కారణం ఇదే. ఇన్‌పుట్ లట్ 'నన్' చెయ్యి. క్రియేటివ్ భాగంల లుక్ దగ్గర బ్రౌజ్ కొట్టి అదే లట్ వెయ్యి. ఇప్పుడు బేసిక్‌ల నువ్వు జరిపేదంతా లట్ కంటె ముందు పడుతది. ఇంటెన్సిటీ 100 మీదనే ఉంచు. ఇది అందానికి వేసే లుక్ కాదు, లాగ్‌ను మామూలు రంగులకు మార్చే లట్. 60, 70 చేస్తె సగం లాగ్, సగం మార్పిడి అయ్యి పొగ కమ్మినట్టు ఉంటది.

ఎస్-లాగ్3ల 18% బూడిద రంగు 41% మీద, 90% తెలుపు 61% మీద ఉండాలె. లుమెట్రి స్కోప్స్‌ల వేవ్‌ఫామ్ (వెలుగు ఎంతున్నదో చూపే గ్రాఫు) తెరిచి, లట్ ఆపి, తెల్ల పంచెనో తెల్ల గోడనో ఎక్కడున్నదో చూడు. 75 మీద ఉంటె కావాలని ఎక్కువ ఎక్స్‌పోజ్ చేసిండ్రు, రాత్రి షూట్‌ల అది మంచిదే. బేసిక్‌ల ఎక్స్‌పోజర్ కొద్ది కొద్దిగ తగ్గించి, లట్ వేసినంక ముఖంల వెలుగు పడే భాగం 50 నుంచి 60 నడుమ వచ్చేటట్టు పెట్టు. లట్ ముందు జరిపే ప్రతి స్లైడరూ గట్టిగ పనిచేస్తది, అందుకే 0.1 చొప్పున జరుపు. బేసిక్‌ల కాంట్రాస్ట్ ముట్టుకోకు. కాంట్రాస్ట్ కావాలంటె కింద కర్వ్స్‌ల, లట్ దాటినంక ఇయ్యి.

వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తోని తీసేటప్పుడు గునుగు పువ్వు తెల్లగున్నది గదా అని దాని మీద పెట్టకు. రంగు అద్దని గునుగుకు కూడ కొసల లేత గులాబి ఉంటది, ఫ్రేమంతా ఆకుపచ్చకు తిరుగుతది. పంచె, తెల్ల తువ్వాల లాంటిది వెతుకు. మర్రిచెట్టు నీడల పగటి షాట్లు ఉంటె, పిల్లలమర్రి లాంటి పెద్ద మాను కింద ఆకుల్లోంచి దిగే వెలుగు ముఖాలను ఆకుపచ్చ చేస్తది. అక్కడ టెంపరేచర్ కాదు, టింట్‌ను మెజెంటా దిక్కు 5 నుంచి 12 దాక జరపాలె.

8-బిట్ గురించి కూడ తెలిసుండాలె. ఎస్-లాగ్3ల నలుపు 3.5% మీద మొదలైతది, తెలుపు 61% మీద. 8-బిట్‌ల ఈ రెండింటి నడుమ దగ్గరదగ్గర 126 మెట్లే ఉంటయి. వాటిని సాగదీసి మొత్తం వెడల్పు నింపితె రాత్రి ఆకాశంల, గోడ మీద చారలు దిగుతయి. అడ్జస్ట్‌మెంట్ లేయర్ మీద నాయిస్ 1 నుంచి 2% ఇస్తె చారలు కలిసిపోతయి. ఇంతకంటె ఎక్కువ ఇయ్యకు, ఎక్స్‌పోర్ట్‌ల బిట్‌రేట్ (సెకండుకు వాడే డేటా) తినేస్తది.

దేవరకొండ_కట్స్ · ఆదివారం ఉదయం 7:48

అన్నా, నువ్వు చెప్పిందే నిజం. ప్రీమియర్ ముందే మార్చింది, నేను మల్ల లట్ వేసిన. లట్ తీసేస్తె ముఖాలు సరైనయి. పూలు కొంచెం నయమైనయి గాని బంతిపూల వరుస ఇంకా ముద్దగనే ఉన్నది. హెచ్‌ఎస్‌ఎల్ సెకండరీల (ఒక రంగును మాత్రమే ఎంచుకొని మార్చే భాగం) నారింజ రంగు పట్టుకొని తగ్గిస్తె ముఖాలు కూడ పాలిపోతున్నయి.

పాలమూరు_కలర్ · ఆదివారం ఉదయం 8:30

స్కోప్స్‌ల ఆర్‌జీబీ పరేడ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరేవేరేగ చూపే గ్రాఫు) తెరిచి, బతుకమ్మ దగ్గరి షాట్ మీద ఆగు. బంతి వరుస ఉన్నకాడ ఎరుపు గీత 100 మీద చదునుగ అతికి ఉంటది. నీలం గీత 0 మీద అతికి ఉంటది. ఆకుపచ్చ గీత ఒక్కటే నడుమల కదులుతుంటది. రేకుకు రేకుకు తేడా చూపించేది ఇప్పుడు ఆ ఒక్క ఆకుపచ్చ చానెలే. మూడు చానెళ్ళల్ల రెండు పలకకపోతె రేకులు ఎక్కడినుంచి కనబడుతయి? వెలుగు తగ్గిస్తె ఎరుపు దిగొచ్చు గాని నీలం 0 నుంచి లేవదు. సాచురేషన్ (రంగు గాఢత) తగ్గిస్తేనే నీలం పైకి లేస్తది, ఎరుపు కిందికి దిగుతది. అందుకే పూల మీద పట్టవలసింది సాచురేషన్.

ముఖం, బంతిపువ్వు వెక్టర్‌స్కోప్‌ల (దిక్కుతోని ఏ రంగో, నడిమి నుంచి దూరంతోని ఎంత గాఢతో చూపే గుండ్రటి గ్రాఫు) ఒకటే దిక్కున ఉంటయి, ఎరుపు పసుపు పెట్టెల నడుమ. బంతి కొంచెం పసుపు దిక్కుకు ఉంటది, గంతే. హ్యూ (ఏ రంగు అనేది) తోని విడదీయలేవు. తేడా దూరంల ఉన్నది: ముఖం చుక్కలు నడిమధ్యకు దగ్గర ఉంటయి, బంతి చుక్కలు అంచు దాక పోతయి. కాబట్టి హెచ్‌ఎస్‌ఎల్ సెకండరీల డ్రాపర్‌తోని పువ్వు పట్టుకున్నంక ఎస్ స్లైడర్ ఎడమ త్రిభుజాన్ని కుడికి జరుపుకుంట పో, కింద కలర్/గ్రే టిక్ పెట్టి చూడు. ముఖాలు బూడిదల కలిసిపోయి పూలు మాత్రం రంగుల మిగిలిన చోట ఆగు. డీనాయిజ్ 10 నుంచి 20, బ్లర్ 3 నుంచి 5. టిక్ తీసేసి సాచురేషన్ 100 నుంచి 75, 80కి దించు. పరేడ్‌ల నీలం గీత నేల విడిచి లేస్తది, రేకుల అంచులు అప్పుడే కనబడుతయి.

బంగారు గాజులు, పసుపు రాసిన పాదాలు కూడ ఈ ఎంపికల పడుతయి. గాజులు పడ్డా పర్వాలేదు. పాదాలు పాలిపోతె బతుకమ్మ చుట్టు ఒక గుండ్రటి మాస్క్ వేసి పరిమితం చెయ్యి.

ఇంత పని ప్రతి షాట్‌కు అక్కర లేదు. దూరపు షాట్లకు కర్వ్స్‌ల శాచురేషన్ వర్సెస్ శాచురేషన్ కర్వ్ చాలు: కుడి కొస కొంచెం కిందికి వంచు. ఎక్కువ రంగున్నవి మాత్రమే తగ్గుతయి, ముఖాలను తాకదు. మొత్తం వీడియోకు రంగు పెంచాలనిపిస్తె సాచురేషన్ కాదు, వైబ్రెన్స్ 10 నుంచి 15. తక్కువ రంగున్న వాటిని లేపుతది, పూలను అంతగ ముట్టదు.

గద్వాల_నోడ్ · ఆదివారం ఉదయం 9:15

డావిన్చి రిజాల్వ్ (ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) వాడేటోళ్ళ కోసం ఇదే పని. కలర్ పేజీల వరుస నోడ్లు (ఒక్కో నోడ్ ఒక్కో సవరణ మెట్టు), ఆల్ట్+ఎస్ కొడితె కొత్తది వస్తది. 1వ నోడ్ నాయిస్ తీసేది, 2వది ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, 3వది కలర్ స్పేస్ ట్రాన్స్‌ఫామ్ (లట్ బదులు లాగ్‌ను మార్చేది), 4వది కాంట్రాస్ట్, 5వది పూల క్వాలిఫయర్ (పూల రంగును మాత్రమే ఎంచుకునేది).

3వ నోడ్‌ల ఇన్‌పుట్ కలర్ స్పేస్ సోనీ ఎస్-గామట్3.సినీ, ఇన్‌పుట్ గామా ఎస్-లాగ్3, అవుట్‌పుట్ రెక్709, గామా 2.4, టోన్ మ్యాపింగ్ డావిన్చి. కెమెరాల ఎస్-గామట్3 పెట్టి షూట్ చేసి, ఇక్కడ .సినీ అని ఎంచుకుంటె ఎరుపులు తేడా కొడుతయి, కెమెరా సెట్టింగ్ అడిగి తెలుసుకోవాలె. లట్ వేసినట్టు వెలుగును గోడ కట్టినట్టు కోసెయ్యదు, టోన్ మ్యాపింగ్ పై వెలుగును మెల్లగ వంచి లోపలికి తెస్తది.

నాయిస్ రిడక్షన్ స్టూడియో వెర్షన్‌లనే ఉంటది, ఉచిత వెర్షన్‌ల లేదు. ఉంటె టెంపోరల్ (పక్క ఫ్రేములతోని పోల్చి గింజలు తీసేది) 2 ఫ్రేములు, మోషన్ రేంజ్ మీడియం పెట్టి, లూమా (వెలుగు), క్రోమా (రంగు) గొలుసు విడదీసి, క్రోమా 15, లూమా 6 నుంచి 8 దగ్గర మొదలుపెట్టు. రంగు గింజలే కంటికి ఎక్కువ గుచ్చుతయి. ఫ్రేములు 4, 5 చేస్తె గుండ్రంగ తిరిగే ఆటల ఒకరి చెయ్యి వెనుక ఇంకో నీడ చెయ్యి లాగుకుంట వస్తది. ఆ నోడ్ మీద రైట్ క్లిక్ కొట్టి నోడ్ క్యాష్ ఆన్ చేస్తె తర్వాతి నోడ్లు జరిపినప్పుడల్లా నాయిస్ లెక్క మల్ల మొదటి నుంచి చెయ్యదు. 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్నోళ్ళకు ఇది తప్పదు.

సాగర్_26గేట్లు · ఆదివారం ఉదయం 11:02

జెల్లీ సంగతి. వార్ప్ స్టెబిలైజర్ పెట్టంగనే మెథడ్ సబ్‌స్పేస్ వార్ప్, స్మూత్‌నెస్ 50 ఉంటది. సబ్‌స్పేస్ వార్ప్ ఫ్రేమును ముక్కలుగ చూసి ఏ ముక్కకు ఆ ముక్కను వేరేవేరేగ వంచుతది. చుట్టు యాభై మంది తిరుగుతుంటె వాళ్ళ కదలికను కెమెరా కదలిక అనుకొని నేలను వంచుతది. మెథడ్ 'పొజిషన్, స్కేల్, రొటేషన్' చెయ్యి. ఫ్రేమంతా ఒక అట్టముక్క లెక్క జరుగుతది, వంగదు. స్మూత్‌నెస్ 5 నుంచి 10. ఆటో-స్కేల్ పక్కన బ్రాకెట్ల ఎంత శాతం జూమ్ అయిందో చూపిస్తది. 110 దాటిందంటె స్మూత్‌నెస్ ఇంకా తగ్గించు.

నీ 4కె క్లిప్ 1080 టైమ్‌లైన్‌ల ఉన్నది కాబట్టి సైజు కలుస్తలేదు, నెస్ట్ చెయ్యమని (క్లిప్‌ను లోపల ఇంకో టైమ్‌లైన్‌ల పెట్టమని) ఎర్ర పట్టీ వస్తది. అది తప్పు కాదు, నెస్ట్ చేసి నెస్ట్ మీద వెయ్యి. విశ్లేషణ అయినంక క్లిప్‌ను పొడిగిస్తె అనలైజ్ మల్ల నొక్కాలె.

మొత్తం ఫ్రేము కదిలేదే అయితె వార్ప్ లొంగదు. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు తీసిన షాట్లు ఇట్లనే ఉంటయి: నీళ్ళు, తుంపర్లు, పొగమంచు తప్ప పట్టుకోను కుదురైంది ఏదీ ఉండదు. అప్పుడు రిజాల్వ్‌ల ట్రాకర్, స్టెబిలైజర్, మూడు చుక్కల మెనూల క్లాసిక్ స్టెబిలైజర్, పాయింట్ ట్రాకర్ తీసుకొని గేట్ల నడుమ స్తంభాల మీద రెండు పాయింట్లు పెట్టు. నీళ్ళను అసలు చూడదు. బతుకమ్మ షాట్‌కు కూడ కరెంటు స్తంభమో గుడి గోపురమో ఫ్రేముల ఉంటె ఇదే పద్ధతి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఉన్నోళ్ళు వార్ప్‌ల షో ట్రాక్ పాయింట్స్ టిక్ పెట్టి, మనుషుల మీది చుక్కలను లాసోతో చుట్టి డిలీట్ కొడితె నేల మీదివి మాత్రమే మిగులుతయి.

మిర్యాలగూడ_50ఫ్రేమ్స్ · ఆదివారం మధ్యాహ్నం 1:20

స్లో మోషన్ కోసం ఆప్టికల్ ఫ్లో (నడుమ ఫ్రేములు పుట్టించే పద్ధతి) ఏ క్లిప్ మీద పెడుతున్నవు తమ్మీ? 25 ఫ్రేముల 4కె మీద అయితె చేతులు కరగాల్సిందే. 50% వేగం అంటె రెండు ఫ్రేముల నడుమ లేని ఫ్రేము ఒకటి పుట్టించాలె. చప్పట్ల చెయ్యి ఒక ఫ్రేముకు ఇంకో ఫ్రేముకు నడుమ జానెడు దూరం పోతది, పైగ ఒకరి చెయ్యి ఇంకొకరి చీర ముందునుంచి దాటుతది. ఏ పిక్సెల్ ఎటు పోయిందో సాఫ్ట్‌వేర్‌కు అంతు దొరకదు, రెంటినీ కలిపి పిండి చేస్తది. 25 ఫ్రేముల దాన్ని 80% కంటె కిందికి దించకు.

రెండో కెమెరా 50 ఫ్రేములది వాడు. బిన్‌ల రైట్ క్లిక్, మాడిఫై, ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్, 'అస్యూమ్ దిస్ ఫ్రేమ్ రేట్' 25. అన్నీ అసలు ఫ్రేములే, పుట్టించేది ఏమీ లేదు. ఎవరి దగ్గరన్నా 120 ఫ్రేములది ఉంటె 25లకు 20.83% వేగం అయితది, అది కూడ ఇట్లనే ఇంటర్‌ప్రెట్ చెయ్యాలె.

దీంట్ల ఇంకో లాభం ఉన్నది. స్పీడ్, వార్ప్ రెండూ ఒకటే క్లిప్ మీద ఉండవు, నెస్ట్ చెయ్యమంటది. 50 ఫ్రేముల క్లిప్‌ను వేగం తగ్గించకముందే నెస్ట్ చేస్తె నెస్ట్ 25 ఫ్రేములది కాబట్టి సగం ఫ్రేములు అక్కడనే రాలిపోతయి. తర్వాత నెస్ట్‌కు 50% ఇచ్చినా ప్రతి ఫ్రేము రెండుసార్లు కనబడుతది, అదురుతది. ఇంటర్‌ప్రెట్ చేస్తె స్పీడ్ అనేదే లేదు, వార్ప్ నేరుగ పడుతది.

ఫోన్ క్లిప్పులు చానామటుకు వేరియబుల్ ఫ్రేమ్ రేట్, అంటె సెకండుకు ఎన్ని ఫ్రేములనేది మారుకుంట ఉంటది. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌ల కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ టిక్ పెట్టి మార్చుకున్నంకనే టైమ్‌లైన్‌ల వెయ్యి, లేకుంటె పాట ఒకదిక్కు పెదాలు ఒకదిక్కు పోతయి. 30 ఫ్రేములది 25ల పెడితె సెకండుకు 5 ఫ్రేములు పడిపోయి నడక తడబడుతది. మాటలు, పాట అక్కర లేని క్లిప్ అయితె దాన్ని కూడ 25గ ఇంటర్‌ప్రెట్ చెయ్యి, 83.33% వేగంల నడుస్తది, చూసేటోళ్ళకు తేడా తెలువది.

వనపర్తి_మిక్స్ · ఆదివారం మధ్యాహ్నం 2:05

ఆడియో ఎఫెక్టులకు కూడ వరుస ఉన్నది: డీహమ్మర్ 50 హెర్ట్జ్ (మన కరెంటు 50 హెర్ట్జ్, 60 ప్రీసెట్ పెడితె గుయ్య్‌మనేది పోదు), తర్వాత ఈక్యూల 80 హెర్ట్జ్ హై పాస్ (అంతకు కింది మోతను కోసేది), తర్వాత కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించేది), ఆఖరికి హార్డ్ లిమిటర్ (శబ్దం హద్దు దాటనియ్యనిది) -1 డీబీ. చప్పట్లు ఎగిరి కొడుతయి కాబట్టి లిమిటర్ అన్నిటికంటె కిందనే ఉండాలె. డప్పు ఉన్నకాడ హై పాస్ 50కి దించు.

దేవరకొండ_కట్స్ · ఆదివారం రాత్రి 8:36

చీరకు యాంటీ-ఫ్లికర్ 0.3 సరిపోయింది. వార్ప్ 'పొజిషన్, స్కేల్, రొటేషన్', 8 మీద పెట్టిన, జూమ్ 106% వచ్చింది. రెండు ప్రశ్నలు మిగిలినయి. ఎక్స్‌పోర్ట్ చేసినంక పూల దగ్గరి షాట్‌ల మల్ల పెంకులు పెంకులుగ కనబడుతున్నది. ఇంకోటి, క్లిప్ మొదట్ల బ్లర్ నుంచి తేటకు వచ్చే ఎఫెక్ట్ ప్రీసెట్‌గ సేవ్ చేసిన. చిన్న క్లిప్‌కు తొందరగ, పెద్ద క్లిప్‌కు మెల్లగ అయితున్నది.

సాగర్_26గేట్లు · ఆదివారం రాత్రి 9:10

బిట్‌రేట్ ఎంత పెట్టినవు? యూట్యూబ్‌కు 1080ల 25 ఫ్రేములకు వాళ్ళు చెప్పేది 8 ఎంబీపీఎస్ (సెకండుకు మెగాబిట్లు), 50 ఫ్రేములకు 12. అది కనీసం అనుకో. పూల రేకులు, తుంపర్లు, పటాకుల మెరుపులు ప్రతి ఫ్రేముకు మారుతయి, వెనుక ఫ్రేము నుంచి కాపీ చేసుకొనేది ఏమీ ఉండదు. వీబీఆర్ 2 పాస్ (వీడియోను ముందు ఒకసారి చూసుకొని, అవసరమున్నకాడ ఎక్కువ డేటా ఇచ్చేది), టార్గెట్ 16, మ్యాగ్జిమమ్ 24 పెట్టు. 2 పాస్ ఎంచుకుంటె హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పోయి సాఫ్ట్‌వేర్‌కు మారుతది, టైం ఎక్కువ తీసుకుంటది, తీసుకోని.

పెన్‌డ్రైవ్‌ల టీవీ కోసం ఇచ్చేదుంటె ఫ్యాట్32 ఫార్మాట్‌ల ఒక ఫైలు 4 జీబీ దాటొద్దు. 8 ఎంబీపీఎస్‌ల అది దగ్గరదగ్గర 70 నిమిషాలు. 16ల అయితె 35. ఆ లెక్కన ముక్కలు చేసుకో.

టైమ్‌లైన్_నల్లగొండ · ఆదివారం రాత్రి 9:25

ప్రీసెట్ సంగతి: సేవ్ ప్రీసెట్ కొట్టినప్పుడు టైప్ అని మూడు అడుగుతది, నువ్వు 'స్కేల్' వదిలేసినవు. స్కేల్ అంటె కీఫ్రేములను (ఏ క్షణంల ఏ విలువ అని పెట్టే గుర్తులను) కొత్త క్లిప్ పొడవుకు తగ్గట్టు సాగదీస్తది. 5 సెకండ్ల క్లిప్‌ల 1 సెకండు పట్టిన బ్లర్ 20 సెకండ్ల క్లిప్‌ల 4 సెకండ్లు పడుతది. మొదట్ల వచ్చే ఎఫెక్ట్‌కు 'యాంకర్ టు ఇన్ పాయింట్', ఆఖర్ల వచ్చేదానికి 'యాంకర్ టు అవుట్ పాయింట్'. పాత ప్రీసెట్‌ను మార్చొచ్చు: ఎఫెక్ట్స్ ప్యానెల్‌ల ప్రీసెట్స్ ఫోల్డర్, దాని మీద రైట్ క్లిక్, ప్రీసెట్ ప్రాపర్టీస్. కంట్రోల్+ఆల్ట్+వి తోని అట్రిబ్యూట్స్ పేస్ట్ చేసేటప్పుడు కూడ 'స్కేల్ అట్రిబ్యూట్ టైమ్స్' అని ఒక టిక్ ఉంటది, అది తీసెయ్యి.

ఫొటోలు జరిపే కీఫ్రేములు కూడ ఉంటె ఇంకోటి చూసుకో. పొజిషన్‌ల ఒకటే విలువతోని రెండు కీఫ్రేములు పక్కపక్కన పెట్టి ఫొటోను ఆపుదామంటె, ఆగకుండ కొంచెం ముందుకు పోయి వెనక్కి వస్తది. దారి బెజియర్ వంపు తీసుకున్నందుకు అది. ఆ రెండు కీఫ్రేముల మీద రైట్ క్లిక్ కొట్టి స్పేషియల్ ఇంటర్‌పొలేషన్ 'లీనియర్' పెట్టు, ఉన్నచోటనే ఆగుతది. ఈజ్ ఇన్, ఈజ్ అవుట్ టెంపోరల్ కింద ఉంటయి, అవి అట్లనే ఉండనియ్యి.